చప్పిడి పత్యం

నాకు కోపం ఎక్కువని తర్లుపాడు చుట్టుపక్కల అందరికీ తెలుసు. "నర్సమ్మ నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది" అనేవాళ్ళు. ఆ మాట మొదట ఎవరన్నారో వాకబు చేసి వాళ్ళనీ తిట్టి వచ్చాను.

నా పేరు కృపావరం. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో జిల్లా బోర్డు వాళ్ళు తర్లుపాడులో ప్రసూతి కేంద్రం పెట్టి నన్ను మిడ్‌వైఫుగా వేశారు. కేంద్రమంటే ఏదో అనుకునేరు. రెండు గదులు, పలకరాళ్ళు పరిచిన ఒక వసారా, ఒక బల్ల, నేను. నా పేరు వినగానే గడప బయటే నిలబడి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. నొప్పులు మొదలయ్యాక మాత్రం నా చేతులకు కులముందన్న సంగతి వాళ్ళకు గుర్తుండేది కాదు. నేనూ గుర్తు చేసేదాన్ని కాదు. బిడ్డ బయటపడి కేరుమన్నాక అన్నీ కలిపి కడుపునిండా తిట్టేదాన్ని.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున సుబ్బులు వచ్చింది. తర్లుపాడుకు మూడు మైళ్ళలో గొర్రెలవాళ్ళ పల్లె. ఊరిపేరు చెప్పను, వాళ్ళ మనవలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. సుబ్బులుకు ఇరవై ఏళ్ళుంటాయి, నవ్వుమొహం పిల్ల. ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు ఎనిమిదో నెలలో గుర్రపువాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట నురగలు కక్కి, ఒళ్ళు తెలియకుండా పడిపోయింది. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. ఆమె దక్కింది దేవుడి దయవల్ల.

ఆమె చీలమండ పైన నా బొటనవేలు పెట్టి నొక్కాను. తీశాక గుంట అట్లాగే నిలబడింది. ఉచ్చ పట్టించి, గాజు గొట్టంలో పోసి, స్పిరిటు దీపం మీద కాచాను. పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకట్టింది. వాతం మళ్ళీ వచ్చే గుర్తది. పైకి మాత్రం గట్టిగా, "ఉప్పు మానెయ్యాలి. చప్పిడి తిండి తిని పడుకుని ఉండాలి. తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకలు కమ్మినా ఆ నిమిషమే మార్కాపురం ఆస్పత్రికి పోవాలి. ఇంటికి పోయి మీ అమ్మనూ అత్తనూ పిలుచుకుని రా, వాళ్ళకు చెప్పాలి" అన్నాను.

"మా అమ్మ వస్తే అత్త రాదు నర్సమ్మా. అత్త వస్తే అమ్మ రాదు."

"ఎందుకే?"

"మా మామ మా నాయన్ను చంపినాడు గదా" అంది, ఇంట్లో పిండి అయిపోయిందని చెప్పినట్టు.

వాళ్ళది మేనరికం. సుబ్బులు తల్లి రాఘవమ్మకు సొంత అన్న లక్ష్మీనరసయ్య. ఆయన కొడుకు నాగయ్యకే సుబ్బులును ఇచ్చారు. ముందు ఏడు ఎండాకాలం బావి దగ్గర, ఎవరి గొర్రెలు ముందు తొట్టిలో నీళ్ళు తాగాలన్న దాని మీద బావా బావమరుదులు మాటా మాటా అనుకున్నారు. లక్ష్మీనరసయ్య చేతికర్రతో ఒక దెబ్బ వేశాడు. సుబ్బులు తండ్రి రామసుబ్బయ్య వెనక్కి పడ్డాడు, తల తొట్టి అంచుకు తగిలింది. మర్నాటికి ప్రాణం పోయింది. లక్ష్మీనరసయ్యను తీసుకుపోయి కర్నూలు జైల్లో పెట్టారు. చూసిన మనిషి రాఘవమ్మ ఒక్కతే. ఆ రోజు ఏడుస్తూ కూతురికి చెప్పింది ఒక్క దెబ్బ అనే. కానీ రామసుబ్బయ్య తమ్ముడు కాటమరాజుకు ఎవరో గుమాస్తా, ఒక దెబ్బయితే కోపం కింద పోతుంది, మూడు దెబ్బలయితే ఉరిదాకా పోతుంది అని చెప్పాడట. పోలీసులు అడిగేసరికి ఆ ఒకటి మూడయింది.

పెద్దదినం నాడు ఊరంతా చూస్తుండగా రాఘవమ్మ వదినగారి ముందు నిలబడి, "నీ ఇంటి ఉప్పు తిన్ననాడు నా మొగుణ్ణి నేనే చంపుకున్నట్టు" అని ఒట్టు పెట్టుకుంది. లక్ష్మీనరసయ్య పెళ్ళాం శేషమ్మ ఊరుకుంటుందా? "నీ ఇంటి ఉప్పు తిన్ననాడు నా మొగుణ్ణి నేనే ఉరికంబం ఎక్కించినట్టు" అంది. అప్పటినుంచి ఒకే వీధిలో ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. మధ్యలో సుబ్బులు మాత్రం అత్తగారింట పొద్దున, అమ్మగారింట మధ్యాహ్నం తింటూ తిరుగుతుండేది. కడుపుతో ఉన్నదానికి ఒట్టు లేదట.

పదిరోజుల తర్వాత నేనే ఆ పల్లెకు పోయి చూశాను. కాళ్ళ వాపు తగ్గకపోగా మొహానికి ఎక్కింది. చప్పిడి తింటున్నావా అంటే తింటున్నానంది. శేషమ్మను నిలదీశాను. ముందు బుకాయించి, తర్వాత ఒప్పుకుంది. చప్పిడి సంగటి ముద్ద మధ్యలో చింతకాయ తొక్కు దాచి పెడుతోంది. ఆ కొసకు పోయి రాఘవమ్మను నిలదీశాను. మజ్జిగలో గుప్పెడు ఉప్పు!

"నర్సమ్మా, నీకు గొర్రెల సంగతి తెలీదు" అంది రాఘవమ్మ, నాకు పాఠం చెబుతున్నట్టు. "చూడి గొర్రెకు ఉప్పు నాకించకపోతే పిల్ల నిలవదు. రెండు పోయినాయంటే ఉప్పు చాలకనే పోయినాయి. గొర్రెకే అంత చేస్తామే, కన్నకూతురికి చేయకపోతే ఎట్ల?"

శేషమ్మా అదే చెప్పింది, కన్నకూతురి బదులు కోడలు అని. ఏడాదిగా మొహాలు చూసుకోని ఇద్దరికీ ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యమో! నాకు ఒళ్ళు మండింది. "సుబ్బులు గొర్రె కాదు. మీరిద్దరే గొర్రెలు" అని వీధి మధ్యలో నిలబడి, రెండు కొసలకూ వినబడేట్టు అరిచాను. బండి కట్టించి సుబ్బులును నా కేంద్రానికి తీసుకొచ్చేశాను.

వసారాలో మంచం వేశాను. నా చేతివంట వాళ్ళు తినరు కాబట్టి, వాళ్ళ కుండలు తెచ్చుకుని వాళ్ళే వండిపెట్టాలన్నాను. సోమ, బుధ, శుక్రవారాలు రాఘవమ్మ. మంగళ, గురు, శనివారాలు శేషమ్మ. ఇంకొక షరతు కూడా పెట్టాను. సుబ్బులుకు ఏది వండితే అదే వండినవాళ్ళు కూడా నా కళ్ళముందు తినాలి, ముందు ఒక ముద్ద నా నాలుక మీద వేయాలి. ఇంక ఉప్పెట్లా వేస్తారో చూస్తాననుకున్నాను. మొదటి వారం ఇద్దరూ చప్పిడి సంగటి మింగలేక మొహాలు మాడ్చుకుని కూర్చుంటే, మంచం మీద సుబ్బులు పైట నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఆదివారం సంగతి మాత్రం నేను మర్చిపోయాను. ప్రార్థనకు పోయి తిరిగొచ్చేసరికి ఇద్దరూ వచ్చి ఉన్నారు. శేషమ్మ ముందుగా వచ్చి వండేసింది. రాఘవమ్మ ఇంటి దగ్గరే వండి కుండ నెత్తిన పెట్టుకుని మూడు మైళ్ళు నడిచి వచ్చింది. వసారాలో వదినగారిని చూసి ఉలిక్కిపడి, మెట్టు మీద తడబడి, కుండ కింద పడేసింది. సంగటంతా మట్టిపాలయింది. మధ్యాహ్నమయింది. ఎండ చూస్తే నిప్పులు కురుస్తోంది. రాఘవమ్మకు ఆకలితో మాట రావడంలేదు. శేషమ్మ కుండలో ముగ్గురికి సరిపోయేంత ఉంది.

"తినమ్మా" అంది సుబ్బులు.

"ఒట్టు పెట్టుకున్నా గదే."

"ఒట్టు ఉప్పు మీద గదా పెట్టుకున్నావు. దీంట్ల ఉప్పు యాడుంది?"

రాఘవమ్మ కుండలోకి తొంగి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు నర్సమ్మా. ఉప్పులేని కూడు తింటే ఒట్టు తప్పినట్టా?" అని అడిగింది.

"మీ ఒట్లకు నన్ను జడ్జీని చేయొద్దు. ఆకలయితే తిను, లేకపోతే పడుకో."

తింది. రెండు ముద్దలు మింగి, తల ఎత్తకుండానే, "ఏం వండినావు వదినా, మట్టి తిన్నట్టుంది" అంది. ఏడాది తర్వాత వాళ్ళ మధ్య మొదటి మాట అదే.

"నీది తేనె గదా మరి!" అంది శేషమ్మ. "మొన్న శుక్రవారం నువ్వు పెట్టిన ముద్ద సుబ్బులు మిగిలిస్తే కుక్క కూడా వాసన చూసి పోయింది."

ఇంక చూడండి. ఆరోజునుంచి వారాల లెక్క పోయింది. రోజూ ఇద్దరూ రావడం, పొయ్యి దగ్గర ఒకరినొకరు దెప్పిపొడుచుకోవడం, నీళ్ళు ఎక్కువయ్యాయనీ, అడుగంటిందనీ పోట్లాట. నా చెవులు హోరెత్తిపోయేవి. అయినా సుబ్బులు కాళ్ళ గుంటలు పూడుతున్నాయి. గొట్టంలో తెల్లముద్ద పలచబడింది. ఎనిమిదో నెల దాటింది, బిడ్డ తన్నుతోంది. కొట్టుకుంటే కొట్టుకోనీ అనుకున్నాను.

అప్పుడు కోర్టు కాగితం వచ్చింది. రాఘవమ్మ కర్నూలు వచ్చి సాక్ష్యం చెప్పాలి.

కాటమరాజు రోజు మార్చి రోజు నా వసారాకు వచ్చి వదిన రాఘవమ్మ చేత పాఠం ఒప్పజెప్పించుకునేవాడు. "ఎన్ని దెబ్బలు వదినా?" "మూడు." "యాడెయాడ?" "తల మీద ఒకటి, మెడ మీద ఒకటి, వీపు మీద ఒకటి." రెండడుగుల దూరంలో శేషమ్మ వీపు తిప్పుకుని పొయ్యి ఊదుతూ ఉండేది. ఒక్కరోజు కూడా నోరు తెరవలేదు. సంగటి పలచనయిందని అరిచే మనిషి, ఆ మాట దగ్గర మాత్రం ఊదుగొట్టం కింద పెట్టేది కాదు. నాకే నాలుక దురద పెట్టేది. కానీ మొగుడు పోయింది రాఘవమ్మకు, నాకు కాదు. నేనూ నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకున్నది అదొక్కసారే కాబోలు.

రాఘవమ్మ కర్నూలు పోవాల్సిన రోజు పొద్దున, నేను మొహం కడిగి వచ్చేసరికి సుబ్బులు నన్ను వింతగా చూస్తోంది.

"నర్సమ్మా, నువ్విద్దరు కనపడ్తాండావు."

"ఒక నర్సమ్మతోనే ఏగలేకుండాము, ఇద్దరా?" అని శేషమ్మ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

తల పగిలిపోతోందంది సుబ్బులు. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంది. నేను కాళ్ళు నొక్కి చూడలేదు, గొట్టం కాచలేదు. బండి కట్టమన్నాను. నాగయ్య రెండు రోజుల ముందే తండ్రి తరఫు ప్లీడరు దగ్గరికి కర్నూలు పోయి ఉన్నాడు. శేషమ్మ చీర ఎగ్గట్టి తానే బండి ఎక్కి పగ్గాలు పట్టుకుంది. నెమ్మదిగా తోలమని నేను, తొందరగా పోదామని ఆమె, దారి పొడుగునా వాదించుకుంటూ స్టేషనుకు చేరాము.

మార్కాపురం రోడ్డు స్టేషను వైపు పోయే రైలుబండి వచ్చి నిలబడి ఉంది. అటుపక్క పట్టాల మీద నంద్యాల వైపు పోయే బండి. ఒంటి లైను కదా, రెండూ అక్కడే దాటుకోవాలి. సుబ్బులును ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాక కిటికీలోంచి చూస్తే, ఎదుటి బండి కిటికీలో రాఘవమ్మ కనపడింది. పక్కన కాటమరాజు. ఆమె మమ్మల్ని చూడలేదు. ఒళ్ళో మూట పెట్టుకుని పెదాలు కదిలిస్తోంది. తల, మెడ, వీపు అనుకుంటూ ఉండి ఉంటుంది.

శేషమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దు నర్సమ్మా. మొగుణ్ణి కాపాడుకునేదానికి కోడలి రోగం అడ్డం పెట్టి సాక్షిని దించింది అంటారు. పోనీ. పోయి చెప్పుకోనీ."

"మీ పరువు తర్వాత చూసుకోండి" అని చెయ్యి విదిలించుకుని కిటికీలోంచి గొంతు చించుకున్నాను. "రాఘవమ్మక్కా! సుబ్బులుకు వాతం కమ్ముతాంది. ఆస్పత్రికి పోతాండాము."

ఆమె లేచిన తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ప్లాట్‌ఫారం వైపు కాదు, ఎదురుగా ఉన్న తలుపు తీసుకుని నేరుగా పట్టాల మీదికి దూకింది. కాటమరాజు మూట పట్టుకు లాగాడు. మూట ఆయన చేతిలోనే వదిలేసి వచ్చింది.

"వదినా, కేసు పోతాది!" అని అరిచాడు.

"కేసు వాయిదా పడ్తాది. కాన్పు పడదు" అని మా పెట్టె కడ్డీలు పట్టుకుంది. మెట్టు ఎత్తుగా ఉంది. శేషమ్మ వంగి రెండు చంకల కింద చేతులు వేసి పైకి లాగింది. గార్డు పచ్చజెండా ఊపబోతూ ఈ గోలేంటని అడిగితే, నీ తల్లి కూడా నిన్ను ఇట్లాగే కన్నదని చెప్పాను.

మార్కాపురం రోడ్డులో దిగి జట్కాలో ఊళ్ళోకి పోయాము. ఆస్పత్రి మెట్ల మీద సుబ్బులుకు వాతం వచ్చేసింది. పళ్ళ మధ్య గుడ్డ కుక్కి, పక్కకు తిప్పి పట్టుకున్నాను. చేతుల్లో ఆ పిల్ల ఒళ్ళు ఎగిరెగిరి పడుతుంటే నాకు భయమేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? అప్పటికి రెండు వందల కాన్పులు చేశాను, ఆ నిమిషంలో ఒక్కటీ గుర్తు రాలేదు. ప్రభువా, ఈ పిల్లనివ్వు, ఇంకేమీ అడగను అనుకున్నాను.

డాక్టరు ప్రకాశరావు గారు మత్తు ఇంజెక్షను ఇచ్చి చీకటి గదిలో పడుకోబెట్టించారు. "వెలుగు తగలకూడదు. చప్పుడు కాకూడదు. తలుపు గట్టిగా మూసినా మళ్ళీ రావచ్చు. ఈ ఇద్దరూ ఎవరు? బయటికి పంపించండి" అన్నారు.

"ఉండనివ్వండి సార్. మాట్లాడరు, నేను పూచీ" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మంచానికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు, సుబ్బులు చెరొక చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఒకరోజు పైన గడిచింది. ఆ రెండు నోళ్ళూ ఒక్క మాట మాట్లాడలేదు. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకున్నారు. శేషమ్మ కునికిపాట్లు పడితే రాఘవమ్మ మంచం మీదుగా చెయ్యి చాపి ఆమె భుజం పట్టుకుంది, పడి చప్పుడు చేస్తుందేమోనని. మళ్ళీ వాతం రాలేదు. మూడోనాడు పొద్దున నొప్పులు తెప్పించారు. పదకొండు గంటలకు ఆడపిల్ల పుట్టింది. నాలుగు పౌన్లు కూడా లేదు, అయినా ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేట్టు ఏడ్చింది.

"ఇంక మాట్లాడొచ్చా నర్సమ్మా?" అని నా చెవిలో అడిగింది శేషమ్మ.

మాట్లాడొచ్చన్నాను. అనగానే ఇద్దరూ ఒక్కసారి బావురుమన్నారు. ఆ తర్వాత ముక్కు ఎవరి పోలిక అన్నదాని మీద పోట్లాట మొదలుపెట్టారు. వారం పోయాక కళ్ళు తేటపడ్డ సుబ్బులు మొదట అడిగింది ఉప్పు వేసిన మజ్జిగ. డాక్టరు గారు ఇంకా కొన్నాళ్ళు కాదన్నారు. ఆ పిల్ల అలిగింది. అలిగేంత బలం వచ్చింది కదా అని నేను పొంగిపోయాను.

సాక్షి రాలేదని కోర్టువాళ్ళు రాఘవమ్మకు వారంటు పంపారు. వాయిదా నలభై రోజులకు పడింది. ఆస్పత్రి చీటీ పట్టుకుని నేనూ తోడు పోవాల్సి వచ్చింది. కర్నూలు రాజధాని అని గొప్పగా విన్నాను, పోయి చూస్తే సర్కారు కచేరీలు సగం గుడారాల్లో ఉన్నాయి. కోర్టు మాత్రం పక్కా కట్టడమే. శేషమ్మ ఒక మూల నేల మీద కూర్చుంది. బోనులో లక్ష్మీనరసయ్య చిక్కి సగమయ్యాడు, చెల్లెలి వైపు చూడలేక తల దించుకున్నాడు.

"ముద్దాయి నీ భర్తను ఎన్ని దెబ్బలు కొట్టాడు?" అని సర్కారు ప్లీడరు అడిగాడు.

"ఒకటి."

కాటమరాజు దగ్గాడు. ప్లీడరు కాగితాలు తిరగేసి, "పోలీసులకు మూడని చెప్పావే?" అన్నాడు.

"చెప్పినా. అది అబద్ధం. ఒకటే కొట్టినాడు. తల తొట్టికి తగిలింది."

జడ్జీగారు పెన్ను పక్కన పెట్టి, "అప్పుడు అబద్ధం ఎందుకు చెప్పావమ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఒక్క దెబ్బ అంటే నా మొగుని చావు చిన్నదైపోతాదనుకున్నా సామీ" అంది రాఘవమ్మ.

ఉరి తప్పింది. ఆ నెలాఖరుకు తీర్పు చెప్పారు, నాలుగేళ్ళు వేశారు. అది తక్కువని కాటమరాజు, ఎక్కువని నాగయ్య చాలాకాలం అనుకుంటూనే ఉన్నారు.

సాక్ష్యం చెప్పిన రోజు సాయంత్రం కర్నూలు స్టేషనులో బల్ల మీద కూర్చుని ఉన్నాము. శేషమ్మ మంచినీళ్ళు పట్టుకురావడానికి పోయింది. నేను రాఘవమ్మ చెయ్యి పట్టుకుని, మంచిపని చేశావక్కా, వదిన కోసం ఇంత చేశావు అన్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

"నీకు తెలీదులే నర్సమ్మా. పొయ్యికాడ, ఆస్పత్రిలో, బిడ్డకు నీళ్ళు పోసేకాడ, ఈపొద్దు రైల్లో గూడా, మొగుణ్ణి కాపాడమని వదిన ఒక్క మాట అడుగుతాదని కాచుకోనుండినా. అడగలే" అంది. "అడిగింటే మూడనే చెప్పుందును."